బాగుందంటే తప్పు చూపించే క్లయింటుతో ఎలా పనిచేయాలి?

ప్రశ్న: నాగావళి గట్టు, రాయగడ

అందరికీ నమస్కారం. మా రాయగడలో కోచింగ్ అంటే బ్యాంకు పరీక్షల కోచింగే. నేను కోచ్‌నని చెప్తే "ఏ సబ్జెక్టండీ?" అంటారు. నాది ఆ బాపతు కాదు. కొట్టు పెంచుకోవాలనుకునేవాళ్లు, ఉద్యోగం మారాలనుకునేవాళ్లు, రిటైరై ఇంట్లో ఏమీ తోచనివాళ్లు నా దగ్గరికి వస్తారు. ఏం కావాలో తేల్చుకుంటాం, వారానికోసారి కూర్చుని ఎంతవరకు వచ్చిందో చూసుకుంటాం. పని నడుస్తోంది గానీ ఇద్దరి దగ్గర మాత్రం ముందుకి పోవట్లేదు. (ఎవరో పోల్చుకోకుండా వివరాలు కొన్ని మార్చాను.)

మొదటావిడ టైలరు. నలభై దాటాయి. ఇంటి ముందు గదిలోనే మిషన్లు, ఆవిడ దగ్గర పని నేర్చుకుంటూ కుట్టే ఆడపిల్లలు నలుగురు. చేతిపని కళ్లకద్దుకునేలా ఉంటుంది. విజయనగరం నుంచి కూడా పెళ్లి బ్లౌజులు రైల్లో పంపిస్తారు. ఆవిడకి రెండు కావాలి: కుట్టుకూలి పెంచాలి, ఒక స్కూలు యూనిఫాం ఆర్డరు పట్టాలి. రెండూ జరగట్లేదు, ఎందుకంటే నోరు తెరిస్తే తన పనిని తనే తీసిపారేస్తుంది. మొన్న నా ఎదురుగానే ఒకావిడ బ్లౌజు వేసుకుని చూసుకుని "ఎంత బాగా కూర్చుందో!" అంది. ఈవిడ వెంటనే ఆవిడ చెయ్యెత్తించి "ఇదిగో, చంక దగ్గర కొంచెం లాగుతోంది చూడండి, నాకెప్పుడూ ఇదే రోగం" అని, చెప్పిన కూలిలో యాభై తగ్గించింది. అడగకుండానే!

మెడ నూలుపోగంత తేడా వచ్చినా రాత్రి అన్నాలయ్యాక కూర్చుని విప్పి మళ్లీ కుడుతుంది. విప్పుతున్నంతసేపూ తిట్లు. "ఏబ్రాసి మొహమా, ఇన్నేళ్లు కుట్టి నేర్చుకున్నది ఇదేనా" అని. తమాషా ఏమిటంటే, పని నేర్చుకునే పిల్లలు గుడ్డ పాడుచేస్తే మాత్రం ఒక్క మాట అనదు.

"మీలో మీకు నచ్చే గుణాలు మూడు రాసుకురండి" అన్నాను. తెల్ల కాగితం తెచ్చింది. "మీతో మీరు కాస్త దయగా ఉండండి" అన్నాను ఇంకోసారి. కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లి, మరుసటి వారం రాలేదు. ఆ పై వారం వచ్చి ఏమందంటే, "అమ్మాయ్, నన్ను నేను తిట్టుకోడం మానేస్తే నేనెందుకూ పనికిరాకుండా పోతాను. మా అమ్మ తిట్టబట్టే కదా ఈమాత్రం కుట్టొచ్చింది."

రెండో అతను పాతికేళ్ల కుర్రాడు. పోటీ పరీక్షల్లో వరసగా దెబ్బతిని, ఇప్పుడు ఏదో ఒక ఉద్యోగం చూసుకుందామని వచ్చాడు. చదువంతా ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు. మా మాటలు ఒడియాలోనే నడుస్తాయి, నవ్వుతూనే మాట్లాడతాడు. తన గురించి చెప్పుకునే చోట మాత్రం తెలుగులోకి దిగిపోతాడు. "నేనొక వేస్టుగాడినండీ." అక్కడితో ఆగితే పర్వాలేదు, "అద్దంలో నా మొహం చూస్తే నాకే రోత" అంటాడు. ఈమధ్య రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదంటున్నాడు. మనిషి కూడా చిక్కాడు.

ఇద్దరికీ సెల్ఫ్ కంపాషన్, అంటే తమ మీద తాము కనికరంతో ఉండటం, అలవాటు చేయాలని ఉంది. నేను చేసిన ఆన్‌లైన్ కోర్సులో ఉదాహరణలన్నీ పెద్ద కంపెనీల మేనేజర్లవే. ఇలాంటి మనుషుల దగ్గర ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: రన్నింగ్ మాస్టర్, సిరొంచ

నమస్తే మేడం. మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. పోలీస్ భర్తీకి పోయే పిల్లలను పొద్దుగాల ఉరికిస్త. మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800. సెకండ్ల కాడ మార్కులు పోతయ్. నేను చూసిందే చెప్త, కోపానికి రాకుర్రి. తనను తాను తిట్టుకునే పిలగాడే తెల్లారకముందు గ్రౌండ్ల ఉంటడు. "ఏం కాదు తియ్" అనుకునేటోడు ముసుగు తన్ని పంటడు. మీ టైలరమ్మ గంత మంచిగ కుట్టేది ఆ తిట్ల వల్లనే కావచ్చు. దాన్ని గుంజేస్తే ఏం మిగుల్తది? దయ దయ అనుకుంట మెత్తగ చేసి పెట్టకుర్రి.

రెండో పిలగానిది మాత్రం నాకు వేరే తీర్గ కొడుతున్నది. అది తెలిసినోళ్లు చెప్పాలె.

జవాబు: పాత కౌన్సెలర్, బరంపురం

అమ్మా, చనువుగా నువ్వు అంటున్నాను, నా వయసు అలాంటిది. ముందు ఆ అబ్బాయి సంగతి చూడు. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

ఇద్దర్నీ ఒకే గాటన కట్టావు. తనను తాను తిట్టుకోవడం అంతా ఒక రకం కాదు. పాల్ గిల్బర్ట్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు, ఆయన తోటివాళ్లు 2004లో 22 వాక్యాల ప్రశ్నావళి ఒకటి తయారుచేశారు. అందులో రెండు రకాలు విడిగా తేలాయి. ఒకటి "నేను చాలను, ఇంకా బాగా చేయాల్సింది" అనే సణుగుడు. రెండోది తన మీద తనకే అసహ్యం, తనకి శిక్ష పడాలన్న కోరిక. మీ టైలరు మొదటి రకం. అద్దంలో మొహం చూస్తే రోత అన్న కుర్రాడు రెండో వైపు ఉన్నాడు. దానికి నిద్ర లేకపోవడం, చిక్కిపోవడం తోడైతే డిప్రెషన్ కావచ్చు. అవునో కాదో తేల్చాల్సింది డాక్టరు. కోచింగ్‌తో తేలే విషయం కాదది.

నువ్వు చేయాల్సింది ఒకటుంది. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడుగు. తెలుగులోనే అడుగు, అతను తన బాధ చెప్పుకునేది ఆ భాషలోనే కాబట్టి. అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమోనని అందరూ జంకుతారు. అలా అవ్వదు. ఎవరో ఒకరు అడిగారని చాలామంది ఊపిరి తీసుకుంటారు. ఔనంటే ఒంటరిగా వదలకు. ఇంట్లోవాళ్లకి చెప్తానని అతనికే చెప్పి, అదేరోజు జిల్లా ఆసుపత్రికి పంపించు. రాత్రయితే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది, నంబరు 14416, ఇరవైనాలుగు గంటలూ పలుకుతుంది, డబ్బులేం అక్కర్లేదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఒడియాలోనూ తెలుగులోనూ మాట్లాడొచ్చు. పెద్దాసుపత్రే కావాలంటే మీకు కోరాపుట్ మెడికల్ కాలేజీ దగ్గర, ఇటైతే మా బరంపురం మెడికల్ కాలేజీ ఎంకేసీజీ. ఉద్యోగం వేట మాత్రం నీ దగ్గర ఆపేయకు. వైద్యం ఒక పక్క, రెజ్యూమె ఒక పక్క నడవొచ్చు. నువ్వు కూడా వదిలేశావని అతననుకోకూడదు.

ఇక టైలరమ్మ.

మూడు గుణాలు రాసుకురమ్మన్నావు కదా, అది ఆత్మగౌరవం పెంచే పని. "నేను మంచిదాన్ని" అని ఒప్పించే ప్రయత్నం. ఇలాంటివాళ్లకి అది కోర్టు వాదన లాంటిది, నువ్వొక మంచి మాట అంటే ఆవిడ పది సాక్ష్యాలు ఎదురు తెస్తుంది. సెల్ఫ్ కంపాషన్‌కి ఆ వాదనతో పనిలేదు. బ్లౌజు చెడిపోయిందనే ఒప్పుకుందాం. చెడిపోయినప్పుడు తనతో తను ఎలా మసలుకుంటుంది, అంతే ప్రశ్న.

దయగా ఉండమంటే ఏడ్చి మానేసింది చూశావా, అదీ కొత్తేం కాదు. గిల్బర్టే దీని గురించి చాలా రాశాడు. కొందరికి ప్రేమా తిట్టూ ఒకే చేతి నుంచి అందుతాయి. ఆవిడే చెప్పింది కదా, అమ్మ తిట్టబట్టే కుట్టొచ్చిందని. అలాంటి మనిషికి మెత్తని మాట వినబడితే హాయి కలగదు, కాలి కింద నేల కదిలినట్టుంటుంది. క్రిస్టఫర్ గర్మర్, క్రిస్టిన్ నెఫ్ అనే సైకాలజిస్టుల ఎనిమిది వారాల సెల్ఫ్ కంపాషన్ శిక్షణలో దీనికి అగ్నిమాపకవాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్న పేరే ఉంది, బ్యాక్‌డ్రాఫ్ట్ అని: మూసిన గదిలో మంట ఉండగా తలుపు తీస్తే, గాలి తగిలి భగ్గుమనడం. తలుపు కొంచెం కొంచెమే తీయాలి.

ఎక్కడ మొదలుపెట్టాలని కదా అడిగావు. పిల్లలు గుడ్డ పాడుచేస్తే ఒక్క మాట అనదని ఒక్క వాక్యం రాసి దాటేశావు. నేనైతే అక్కడే పీట వేసుకుని కూర్చుంటాను. ఈమధ్య ఏ పిల్ల ఏం పాడుచేసింది? చెయ్యి తప్పు కత్తిరించిందా, ఎడమా కుడీ తారుమారు చేసిందా? అప్పుడు ఆవిడ ఏమంది, ఏ గొంతుతో అంది, ఆ తర్వాత ఏం చేసింది? మాటకి మాట చెప్పించి నువ్వు రాసుకో. కొత్త మాటలు నువ్వు నేర్పకు, "నువ్వు చాలు, నువ్వు అద్భుతం" లాంటివి అసలే వద్దు. ఆవిడ నోట్లో ఉన్నవే తీసుకో. తర్వాత ఒక్క ప్రశ్న వెయ్యి: "మీరు తిట్టలేదని ఆ పిల్ల పని మానేసిందా, బద్ధకించిందా?" తిట్టకపోతే పాడైపోతాననే ఆవిడ నమ్మకానికి ఆవిడ గదిలోనే నలుగురు ఎదురు సాక్షులున్నారు.

ఇంకో ప్రశ్న కూడా అడిగి చూడు. "ఆ తిట్టు ఒక్కరోజు సెలవు పెడితే ఏం జరుగుతుందని మీ భయం?" జవాబు ఖచ్చితంగా వస్తుంది. కస్టమరు పోతుంది, నలుగురిలో నవ్వులపాలవుతాను, ఇలాంటివేవో. ఆ భయం ఉత్తదని కొట్టిపారేయకు. దానికో పని అప్పగించు. చంక, మెడ, హుక్కులు, హెమ్మింగ్, ఇవి ఇచ్చేముందు చూసుకునే చీటీ ఒకటి గోడకి అంటించండి అను. చీటీ చూసుకున్నాక విప్పాల్సింది ఉంటే విప్పొచ్చు. తిట్టుకుంటూ విప్పక్కర్లేదు.

మాస్టారూ, మీ మాటకి కూడా ఇదే జవాబు. పని నాణ్యత వేరు, మనిషిని కించపరచడం వేరు. "మోకాలు పైకి లేవట్లేదు" అంటే దిద్దడం. "నువ్వెందుకూ పనికిరావు" అంటే దిద్దడానికి అందులో ఏముంది? అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో జులియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ఒక పరిశోధన వేశారు. కష్టమైన పరీక్షలో దెబ్బతిన్న విద్యార్థుల్లో కొందరికి ఆ ఓటమిని తమ మీద కనికరంతో చూసుకునేలా నాలుగు మాటలు చెప్పారు, కొందరిని మీరు తెలివైనవాళ్లేనని మెచ్చుకున్నారు, కొందరికి ఏమీ చెప్పలేదు. తర్వాతి పరీక్షకి ఎక్కువసేపు చదివింది కనికరం మాటలు విన్నవాళ్లే. మీరనే "ఏం కాదు తియ్" దీనిలోకి రాదు. అది తప్పుని చూడకుండా దాటేయడం.

ఒంటికి సంబంధించింది ఒకటి చెప్పి ఆపుతాను. గుండె మీద చెయ్యి వేసుకోమని కోర్సుల్లో చెప్తారు. మనవైపు ఆడవాళ్లు చాలామంది అలా చేయమంటే ఇబ్బందిపడి నవ్వేస్తారు. వేడి టీ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని, వదిలే ఊపిరి కాస్త నిదానంగా వదలమను. చాలు.

జవాబు: మహేంద్రతనయ ఒడ్డు, పర్లాకిమిడి

నేను కోచ్‌ని కాను, అటువైపు కుర్చీలో కూర్చున్నదాన్ని. బడిలో చెప్తాను. మీటింగుల్లో ఒడియాలో మాట్లాడుతుంటే ఎక్కడో తెలుగు యాస దొర్లుతుంది, ఎవరో పెదవి విరుస్తారు, ఇక రాత్రంతా అదే సినిమా నాకు. మీటింగులో జరిగింది అర నిమిషం, నేను చూసుకునేది అర్ధరాత్రి దాకా.

నా కోచ్ నన్ను నాకే ఉత్తరం రాసుకోమన్నారు, ఓ స్నేహితురాలు రాసినట్టు. చాలామందికి పనికొస్తుందట. నాకైతే రెండు వాక్యాలు రాసేసరికి పరీక్ష పేపరు దిద్దుతున్నట్టుగా నా ఉత్తరాన్నే దిద్దడం మొదలెట్టాను. పనిచేసింది ఇంకోటి. "నేను ఎందుకిలా" అనుకోకుండా, నన్ను పేరుతో పిలుచుకుని మాట్లాడుకోవడం. ఈథన్ క్రాస్ అనే ఆయన మిషిగన్ యూనివర్సిటీలో దీని మీద పరిశోధన చేసి 2014లో రాశాడని తర్వాత తెలిసింది. పేరుతో పిలుచుకుంటే కాస్త ఎడంగా నిలబడి చూడగలుగుతామట. నాకు బడి పేరుతో అయితే ఇన్‌స్పెక్షన్‌లా ఉంది. మా నాయనమ్మ పిలిచే "బుల్లెమ్మా"తో కుదిరింది. "బుల్లెమ్మా, వాళ్లలో సగంమందికి తెలుగు అస్సలు రాదే" అనుకుంటే నవ్వొచ్చి పడుకుంటాను. ఇది కంపాషనో, కడుపుమంటో మీరే చెప్పాలి.

నాగావళి గట్టు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ దండాలు. అబ్బాయిని తెలుగులోనే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఔనన్నాడు. వాళ్ల అన్నయ్యని పిలిపించి, అప్పటికప్పుడు ఆసుపత్రికి పంపాం. మందులు మొదలయ్యాయి. వారంలో ఒకరోజు నా దగ్గరికి వస్తున్నాడు, రెజ్యూమె పనే చేస్తున్నాం, ఇంకేం కదపట్లేదు.

టైలరు గారి దగ్గర ఆ పిల్లల సంగతే తీశాను. ఒక పిల్ల ఖరీదైన పట్టు ముక్కకి చెయ్యి పొట్టిగా కత్తిరించేసిందట. ఆవిడ అన్న మాట యథాతథంగా: "పోన్లే అమ్మీ, గుడ్డేం మిగలకుండా పోలేదు కదా. నేను నేర్చుకున్నప్పుడు ఇంతకన్నా పెద్దవి తగలేశాను. టీ తాగొద్దాం పద, పట్టీ వేసి సరిచేద్దాం." నేను రాసింది చదివి వినిపిస్తే నవ్వింది. "ఇది నాకు నేను చెప్పుకోవాలా! నన్ను నేనే అమ్మీ అనుకుంటే సిగ్గేస్తాదమ్మా" అంది. చీటీ మాత్రం గోడకెక్కింది. కూలి తగ్గించడం ఆగలేదు. సెల్ఫ్ కంపాషన్ ఎంతుందో కొలిచే ప్రశ్నావళి ఉందట కదా, అదిస్తే ఆవిడకి తన మార్పు తెలుస్తుందా?

పాత కౌన్సెలర్, బరంపురం

అబ్బాయి విషయంలో మంచి పని చేశావు. రాని వారం ఏదైనా ఉంటే ఆ రోజే ఫోన్ చెయ్యి.

ప్రశ్నావళి నెఫ్‌దే, 2003లో వచ్చింది, 26 వాక్యాలు. 12 వాక్యాల పొట్టిదీ ఉంది. ఆవిడకి ఇవ్వకు. అందులోనూ మార్కులు తక్కువొచ్చాయని తిట్టుకుంటుంది! ఎలాగూ ఆవిడ మాటలోనే నెఫ్ చెప్పిన మూడూ ఉన్నాయి చూడు. గుడ్డ మిగలకుండా పోలేదు: జరిగినదాన్ని ఉన్నంతే చూడటం. నేనూ తగలేశాను: ఇది నా ఒక్కదానికే కాదన్న ఎరుక. టీ తాగొద్దాం పద: దయ. ఆ చివర పట్టీ వేసి సరిచేద్దాం అంది చూశావూ, అది మన మాస్టారి కోసం.

సిగ్గు పోవాలని తొందరపెట్టకు. మొదట్లో మనసులోనే అనుకోమను, అదీ చిన్న తప్పులకి మాత్రమే. హుక్కు వంకరైనప్పుడు చాలు, పెళ్లి బ్లౌజు దాకా పోవద్దు. అమ్మ తిట్ల కథ దానంతటది బయటికొస్తే విను, తవ్వకు. మరీ లోతుకి పోతోందనిపిస్తే మాలాంటి వాళ్ల దగ్గరికి పంపు.

ఆవిడ మిషన్ శక్తి పొదుపు గ్రూపులో, అదే ఒడిశా ఆడవాళ్ల సంఘాల్లో, ఉందా? 2001 నుంచి ఉన్న గ్రూపులు, మీ రాయగడలో సందుకొకటి ఉండాలి. ఉంటే, పొదుపు లెక్కలయ్యాక ఈ నెల ఎవరి పని ఏది చెడిందో ఒక్కొక్కరూ చెప్పుకునే అలవాటు పెట్టించమను. అప్పడాలు విరిగినావిడ, పచ్చడికి బూజు పట్టినావిడ, అందరూ బయటపడతారు. పక్కావిడకి కూడా చెడిందని విన్నప్పుడు వచ్చే నెమ్మది నువ్వు చెప్తే రాదు.

కూలి సంగతి విడిగా సాధన చేయించు. నువ్వు కస్టమరువి అవ్వు. ఆవిడ రేటు చెప్పి నోరు మూసుకోవాలి. నువ్వు మాట్లాడేదాకా ఆవిడ మాట్లాడకూడదు. మెచ్చుకుంటే "సంతోషమండీ" అని ఊరుకోవాలి. చంక చూపించిందా, మళ్లీ మొదటికి. నవ్వుకుంటూ చేయండి, ఇద్దరూ.

రన్నింగ్ మాస్టర్, సిరొంచ

మోకాలు మాట ఒప్పుకుంట. తిట్టుడు మొత్తం బందు పెడ్తనని మాత్రం అనను. ఒక్కటి అడుగుత. ఇన్నొద్దులు నా నోటికి అలవాటు పడ్డ పిల్లలు, నేను అచానక్ మెత్తగ మాట్లాడితే సార్‌కు ఏమైందని అనుమానపడ్తరు గద?

పాత కౌన్సెలర్, బరంపురం

పడతారు. గొంతు మార్చకండి మాస్టారూ, మాట మార్చండి. అదే గట్టి గొంతుతో "మోకాలు!" అని అరవండి, "గాడిదా" తీసేయండి. పడిపోయిన పిల్లని ముందు "దెబ్బ తగిలిందా?" అని అడిగి, టైము ఆ తర్వాత చెప్పండి. ఒక నెల చేసి, తెల్లారకముందు గ్రౌండ్‌కి వచ్చేవాళ్లు తగ్గారో పెరిగారో ఇక్కడే రాయండి. తగ్గితే తగ్గారనే రాయండి.